చెంచాడు తవుడు

దాణా మిల్లులో అందరూ ఆయన్ని త్రాసు బాబాయ్ అనేవాళ్లు. తూకం దగ్గర అంత మొండివాడు. యజమాని వచ్చి "పోనీలేవయ్యా, కాస్త అటూ ఇటూ అయితే కొంపలేం మునగవు" అన్నా వినేవాడు కాదు. ముల్లు మధ్యలో నిలిచేదాకా ఊపిరి బిగబట్టేవాడు. ఇరవై రెండేళ్లలో ఒక్క బస్తా తిరిగి రాలేదని కాస్త గర్వం కూడా ఉండేది. ఉంటే తప్పేముంది, గొప్పగా చెప్పుకోడానికి ఆయనకు ఇంకేముంది గనక!

పశువుల దాణాలో సెలీనియం అనే ఖనిజపు పొడి కలపడం ఆయన పనే. అది చాలకపోతే దూడల కండలు చచ్చుబడతాయి, లేచి నిలబడలేవు. ఎక్కువైతే విషం. అందుకే ఆ పొడిని నేరుగా వేయరు. ముందు తవుడులో కలుపుతారు. ఆ తవుడు ఒక డబ్బాడు తీసి టన్ను దాణాలో వేస్తారు. పొడి ఉన్న పీపాకు తాళం ఉంటుంది. తవుడు బస్తాకు ఏ తాళమూ లేదు. చూడ్డానికి మామూలు తవుడే.

బాబాయ్ భార్యకు థైరాయిడ్. మాత్రలు వాడుతున్నా నీరసం వదల్లేదు. ఏడేళ్ల కూతురికి జడ వేసేలోపే మంచం ఎక్కేది. మందుల షాపులో ఎవరో "ఈ జబ్బుకి సెలీనియం మంచిదట" అన్నారు. అంతే, ఆయన మొహం వెలిగిపోయింది. చేతికింద బస్తాలకొద్దీ ఉన్నదాని కోసం ఇన్నాళ్లూ డాక్టర్ల చుట్టూ తిరిగానా అనుకున్నాడు.

పొడి జోలికి పోలేదు, అంత తెలివితక్కువవాడు కాదు. తవుడు బస్తాలోంచి పొట్లం కట్టి, యజమానికి చెప్పకుండా ఇంటికి తెచ్చాడు. టన్నుకు డబ్బాడు. చెంచాడంటే ఆ డబ్బాలో నూరో వంతు. ఎంతలే అనుకుని, పొట్లం వంటింట్లో పెట్టి, బలానికని చెప్పి రోజూ భార్యకు పాలల్లో కలిపి ఇచ్చాడు. ఆ చెంచాడు రెండు ఆవులకు రోజంతా సరిపోయేదని అంత లెక్కల మనిషికీ తట్టలేదు.

నెల తిరిగేసరికి దువ్వెన నిండా జుట్టే. గోళ్లు పెళుసెక్కి విరిగిపోయాయి. ఆమె నోరు తెరిస్తే వెల్లుల్లి వాసన.

"ఇంట్లో వెల్లుల్లే లేదు కదే" అన్నాడు.

"నాకేం తెలుసండీ, నా నోరు నాకే అసహ్యంగా ఉంది" అని ఆమె ఏడ్చింది.

జబ్బు ముదిరిందనుకున్నాడు. చెంచాకి ఇంకో అర చెంచా జోడించాడు. పాపం, ప్రేమతోనే జోడించాడు.

ఆమె అరికాళ్లు మొద్దుబారాక ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ గోళ్లు చూసి, "కొత్తగా ఏమైనా తింటున్నారా?" అంది. భార్య బాబాయ్ వంక చూసింది. చెబితే మిల్లులో ఆయన ఉద్యోగం ఊడుతుంది. ఆవిడ మళ్లీ అడిగింది. పడిపోకుండా భార్య ఆయన భుజం పట్టుకుని నిలబడి ఉంది. ఆ చేతిని చూసి అంతా చెప్పేశాడు.

"మనిషికి రోజుకు కావాల్సింది మీ త్రాసు ముల్లు కదలనంత. అది మామూలు తిండిలోనే దొరుకుతుంది" అంది డాక్టరమ్మ. "మీరిచ్చింది దానికి యాభై రెట్ల పైమాటే. ఇవాళే ఆపేయండి. జుట్టు, గోళ్లు మళ్లీ వస్తాయి. కాళ్ల సంగతి ఇప్పుడే చెప్పలేను."

బతికి బయటపడ్డామని ఆయన గుండె కుదుటపడింది. అప్పుడు భార్య మెల్లగా అంది.

"ఏమండీ... నేనొక్కదాన్నే తినడం మనసొప్పక, పాప పాలల్లో కూడా ఒక చెంచా కలుపుతున్నాను. బక్కగా ఉంది కదా అని."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "పాప ఎక్కడుంది?"

"బడిలో."

బడి రెండు వీధుల అవతలే. ఆ రెండు వీధులూ ఆయనకు ఎంతకీ తరగలేదు. తరగతి గుమ్మంలో టీచరమ్మ, "మీకు కబురు చేద్దామనే అనుకుంటున్నాను. వారం నుంచి పెన్సిలు పట్టుకోలేకపోతోంది" అంది.

పాప నాన్నను చూడగానే చేతులు వెనక్కి దాచుకుంది. ఆయన మోకాళ్ల మీద కూలబడి, బతిమాలి, ఆ చేతులు ముందుకు తెచ్చాడు. రెండు వేళ్లకు గోళ్లు లేవు.

"అమ్మకి చెప్పకు నాన్నా," అంది పాప. "బెంగపెట్టుకుంటుంది."