చెలమ మీద దురాయి

మా పల్లెకు తూర్పున సముద్రం, పడమర ఉప్పుకాలువ. మధ్యలో ఇసకదిబ్బ. ఆ దిబ్బ మీదే మా గుడిసెలు, ఆ దిబ్బలోనే మా తాగేనీళ్లు. రెండు పక్కలా ఉప్పు పెట్టుకుని మధ్యలో తీపి ఎట్లా నిలుస్తుందో నాకు చెప్పడం రాదు. వాననీళ్లు ఇసకలోకి దిగి, అడుగున ఉన్న ఉప్పునీళ్ల మీద పాలమీది మీగడలాగా తేలుతాయని చాలా ఏళ్ల తర్వాత ఎవరో అన్నారు. అప్పట్లో మాకు తెలిసింది ఇంతే. మోచేతిలోతు ఇసక తీస్తే నీళ్లు ఊరతాయి. అదే చెలమ. కొబ్బరిచిప్పతో పైపైన తోడుకోవాలి, మళ్లీ ఊరేదాకా కూర్చోవాలి. తోడేకొద్దీ ఊరుతుందని సామెత చెప్పినవాళ్లు మా ఇసకలో నీళ్లు తోడి ఉండరు.

ఆ కూర్చోవడమే మగవాళ్లకు నచ్చలేదు. వాళ్లు వేటనించి వచ్చేసరికి ఆడవాళ్లం ఇంకా చెలమల దగ్గరే ఉండేవాళ్లం, వంతు కోసం జుట్లు పట్టుకుంటూ. నయాపైసలు వచ్చిన కొత్తల్లో, చేపలు బాగా పడిన ఏడాది, పల్లెకాపు కాలువ అవతలినించి మట్టి ఒరలు, నూతిలోకి దించే కాల్చిన చుట్లు, తెప్పించాడు. పల్లెకాపు అంటే మా పల్లె పెద్ద. నుయ్యి తవ్వి ఒర మీద ఒర దించారు. అందరికంటే కిందికి దిగి తవ్వింది మా ఆయన. రొమ్ములోతు నీళ్లలో నిలబడి పైకి చూసి అరిచాడు.

"ఏమ్మే, ఇంక చిప్పలు పొయ్యిలో పెట్టుకోండి! చేద ఏసి లాగండి, ఎంత గావాలంటే అంత!"

ఆడవాళ్లందరం నవ్వాం. నేను ఇంకా గట్టిగా నవ్వాను, నా మొగుడు గదా.

ఆ వానాకాలంలోనే ఆయన తెప్ప తిరగబడింది. మనిషి దొరకలేదు. చంకలో చంటి ఆడపిల్ల, ఇంట్లో ఆయన్ని కన్న తల్లి, నేను. ఆ దిగులుతో నా రొమ్ముల్లో పాలు కూడా ఎండిపోయాయి. సముద్రం ముఖం చూడడం మానేశాను. గుడిసె తలుపు తూర్పుకు ఉంటే తాటాకు తడిక అడ్డం కట్టి, వెనకనించి సందు చేసుకున్నాను. కాలికింద ఇసక అన్నా అసహ్యమే. వాకిలి ఊడుస్తూ దానిమీద ఉమ్మేదాన్ని. మా అత్త చూసి, "తినే కంచంలో ఊసినట్టే మే" అనేది. నేను ఊడుస్తూనే ఉండేదాన్ని.

ఎండలు ముదిరాయి. ముందు పప్పు ఉడకడం మానేసింది. తర్వాత గంజిలో ఉప్పు వెయ్యకుండానే ఉప్పగా ఉంది. తర్వాత నూతినీళ్లు గుక్క దిగలేదు. చేద ఎంత కిందికి వేస్తే అంత ఉప్పు. పాత చెలమలు ఎప్పుడో ఇసకతో పూడిపోయాయి, నుయ్యి వచ్చాక వాటి ముఖం చూసినవాళ్లెవరు? తవ్వి చూస్తే అవీ ఉప్పే. లోతుకు పోయిన నుయ్యి మీగడంతా లాగేసింది. ఇది నేను ఇప్పుడు చెప్పే మాట. అప్పుడు పల్లె చెప్పిన మాట వేరు. మొదట అన్నది పల్లెకాపు భార్య.

"మొగుడు తవ్వినాడు, వాణ్ణి గంగమ్మ మింగింది. ముండమోసింది పొద్దన్నే పోయి ఆ నీళ్లల్లో మొకం చూసుకుంటే ఉప్పుగాక ఏమైతాది?"

ఆ మాట గుడిసె గుడిసెకు తిరిగి దురాయి అయింది. దురాయి అంటే పల్లెపెద్దలు వేసే కట్టు. మీరితే నీ తెప్పను ఎవరూ ఒడ్డుకు లాగరు, నీ ఇంట్లో పీనుగను ఎవరూ మొయ్యరు. నూతి దగ్గరికి, చెలమల దగ్గరికి, నీళ్ల పడవ దగ్గరికి నేను పోకూడదు. అదీ నా మీద వేసిన దురాయి. నీళ్ల పడవ అంటే కాలువ అవతల రైతుల వూరినించి కడవలతో నీళ్లు తెచ్చే పడవ. ఇంటికి ఒక్క కడవ. మా కడవ మా అత్త మోసుకొచ్చేది. వంగిన నడుము, ఆ ఇసకలో కాళ్లు దిగబడి సగం ఒలికిపోయేవి.

అప్పుడే పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. ఉప్పునీళ్లు తాగి పట్టుకున్నాయో, ఎండదెబ్బో, తెలియదు. రాత్రంతా పోతూనే ఉంది. తెల్లారి మా అత్త కడవ తీసుకుని కాలువగట్టుకు పోయింది. ఎండ నెత్తికెక్కినా తిరిగి రాలేదు. ఇంట్లో కుండ అడుగున మిగిలిన నీళ్లు పాప నోట్లో పోస్తే కక్కేసింది. ఏడ్చింది. ఏడుపు ఉంది, కన్నీళ్లు లేవు. నాలుక చెక్కముక్కలాగా ఉంది. పొట్టమీద చర్మం పట్టి వదిలితే ఆ మడత అట్లాగే నిలబడింది.

పక్కింటామె దగ్గరికి పోయి గిన్నె చాపాను. ఆమె తన కడవ వంచి చూపించింది.

"చూడు మే, అడుగు కనిపిస్తా ఉండాది. నాకూ బిడ్డలుండారు."

తలుపు వెయ్యలేదు, తల తిప్పుకుంది. నేను ఇంటికి వచ్చి, పాపను పాత చీరతో వీపుకు కట్టుకుని, మా ఆయన పార తీసుకున్నాను.

నూతికి దూరంగా, పల్లె ఉత్తరపు కొసన మొగలిపొదలు ఉండేవి. అటు ఎవరూ పోయేవాళ్లు కాదు, ముళ్లు, పాములు. అక్కడ తవ్వడం మొదలుపెట్టాను. ఇసక తడి అయింది. ఇంకొంచెం తవ్వితే దోసెడు నీళ్లు ఊరాయి. వేలు పెట్టి నాకాను. తీపి! దోసెడు ఏ మూలకి, బిడ్డకు కావలసింది కడవెడు అని మళ్లీ పార దించాను. బలంకొద్దీ తవ్వాను. బుడబుడమని నీళ్లు వచ్చాయి, నూతిలో వచ్చినట్టే. నోట్లో పోసుకున్నాను. ఉప్పు.

గట్టిగా అరిచి పార విసిరికొట్టాను. అది పడినచోట మొగలిపొద కిందనించి ఒక కుక్క కుయ్యోమని లేచి పారిపోయింది. అది పోతుంటే చూశాను. దాని పొట్టకంతా తడి ఇసక అంటుకుని ఉంది.

పొద కిందికి దూరాను. మొగలాకు ముళ్లు చేతుల మీద గీరుకుపోయాయి. ఎండకు ఓర్చుకోలేక కుక్క కాళ్లతో గీరి పడుకున్న గుంట అది. లోతు మోచెయ్యి కూడా ఉండదు. చెయ్యి పెడితే చల్లగా ఉంది. పాపను విప్పి ఆ చల్లటి ఇసక మీద పడుకోబెట్టి, పక్కనే వేళ్లతో గీరాను. కొంచెమే. గుంట అడుగున చెమట పట్టినట్టు మెరిసింది. ఆగింది. మళ్లీ మెరిసింది.

పాప కళ్లు పైకి పోతున్నాయి. నా చూపు పార మీదికి పోయింది. ఒక్క దెబ్బ వేస్తే త్వరగా వస్తాయి గదా. చెయ్యి దానంతట అదే చాపుకుంటోంది. ఇందాకటి ఉప్పు ఇంకా నాలుక మీదే ఉంది, అయినా చెయ్యి పోతోంది. లేచి పార ఎత్తి, మనిషి దూరలేని ముళ్లలోకి విసిరేశాను. ఇంక నాకు కూర్చోవడం తప్ప వేరే పని లేదు.

కూర్చున్నాను. అడుగున తడి చేరినప్పుడల్లా కొంగు అద్ది పాప పెదాల మధ్య పిండాను. ఒక చుక్క. మళ్లీ కూర్చోవడం. నీళ్లు కావాలని మనిషి ఎంత ఏడ్చినా ఇసక నడక ఇసకదే. నా బిడ్డ ఊపిరికీ దాని నడకకీ పొత్తు కుదరాలి, లేకపోతే బిడ్డ పోతుంది. ఆ కూర్చోవడంలో సముద్రం హోరు చెవిన పడింది. అన్ని నెలలూ ఎక్కడికి పోయిందో ఆ చప్పుడు. తిడదామంటే నోట్లో తడి లేదు.

కొంగు ఎన్నిసార్లు అద్దానో. మొదట కారిపోయిన చుక్క, తర్వాత నాలుక కదిలి లోపలికి పోయింది. పొద్దు వాలేసరికి పాప కొంగును పెదాలతో పట్టుకుని లాగింది.

అప్పుడు వినపడింది మా అత్త గొంతు. పొద్దంతా పడవ కోసం కాలువగట్టున కాచి, ఇంటికి వస్తే ఎవరూ లేకపోతే, ఇసకలో నా అడుగుజాడలు పట్టుకుని వచ్చింది.

"ఓసే పాపిష్టిదానా, బిడ్డనెత్తుకోని సముద్రంలో పడినావనుకున్నానే!"

"సముద్రంలో పడేదాన్నయితే పార ఎందుకెత్తుకొస్తా అత్తా?"

"పార యాడుండాది?"

"ముళ్లల్లోకి పారేసినా."

"మా వాడి పారే!" అని ముందు దానికి ఏడ్చింది. ఆ తర్వాత గుంట చూసింది. వేలు ముంచి నాకింది. మళ్లీ నాకింది. ఆ తర్వాత ఆమె నోరు ఆగలేదు, దిబ్బంతా వినిపించేటట్టు కేక వేసింది.

కాసేపటికి పల్లె సగం కడవలతో అక్కడుంది. వెనక పడుచువాళ్లు, భుజాల మీద పారలు. ముందు పల్లెకాపు, ఆయన భార్య.

"దురాయి మీరినావా, లేదా?" అన్నాడు కాపు.

"చెలమల దగ్గరికి పోవద్దన్నారు మామా. ఇది మీ చెలమ గాదు, కుక్క చెలమ."

ఎవరో నవ్వారు. "మాటలకేం తక్కువలేదు దీనికి" అంది ఆయన భార్య.

ఒక పడుచువాడు పార దించుకుని ముందుకొచ్చాడు. "జరుగక్కా, పెద్దది జేస్తాం. ఇట్టా చుక్కచుక్క అయితే పల్లెకేం చాలతాది?"

నేను పాపను ఒళ్లో వేసుకుని గుంటకు అడ్డంగా కూర్చున్నాను. వాళ్లు ఆ పార వేస్తే రేపటికి నా బిడ్డ నోట్లో మళ్లీ ఉప్పే.

"నా మీద ఇంకో దురాయి ఏసుకో మామా. చచ్చినాక నన్ను మొయ్యొద్దు. దీంట్లో మాత్రం పార దించొద్దు. అదిగో, ఆ గుంట నేనే తవ్వినా, లోతుగా. ముందు దోసెడు తీపి వచ్చినాయి, ఆశకు పోయి ఇంకా తవ్వితే ఇట్టా అయింది. పోయి నోట్లో పోసుకో."

కాపు కదలలేదు. ఆయన భార్యే పోయింది. వంగి, దోసిట్లో తీసుకుని, ఉమ్మేసింది. వచ్చి నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని కుక్కగుంటలో కొన వేలు ముంచి నాకింది. మొగుడి ముఖంలోకి చూసింది. పారవాడు పార మీద చేతులు మార్చుకుంటున్నాడు.

అంతలో నా ఒడి వెచ్చగా తడిసింది.

ముందు నాకు అర్థం కాలేదు. మా అత్తకు అర్థమైంది. "పోసింది! బిడ్డ ఉచ్చ పోసింది!" అని పల్లె పల్లెనంతా పిలిచి చెప్పింది, కొడుకు పుట్టినట్టు. తెల్లారినప్పటినించి చుక్క పొయ్యని బిడ్డ. కాపు భార్య నా తడిసిన ఒడి చూసి, నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ఈ ఉచ్చ మాట కూడా రాయాలా అవ్వా అని, నేను చెప్తుంటే ఇదంతా రాస్తున్న పిల్ల అడుగుతోంది. రాయమంటున్నాను. ఆ పాప కడుపున పుట్టిందే ఇది.

కాపు ఆ పడుచువాడి చేతిలోంచి పార లాక్కున్నాడు. నేను గుంట మీదికి వంగాను. ఆయన దాన్ని తీసుకుని దూరంగా ఇసకలో గుచ్చాడు.

"ఇనండి. ఈ పొద్దునించి దిబ్బమీద తాగేనీళ్లల్లో పార దించితే దురాయి. చేత్తో తియ్యాల, చిప్పతో తోడాల. మోచెయ్యి దిగినాక ఆగాల. నా ఇంటోళ్లయినా ఇంతే."

"మరి నుయ్యి?" అన్నారెవరో.

"పూడ్చెయ్యండి."

పూడ్చడానికి మనసు రాక చాన్నాళ్లు సాగదీశారు. అంత కష్టపడి దించిన ఒరలు గదా. వానలు వచ్చాక, పైఒరలు లాగి, మిగతాది ఇసకతో నింపారు. మా ఆయన అడుగున నిలబడి పైకి చూసి అరిచినచోటు ఆ ఇసక కిందే ఉంది. నేను పోయి చూడలేదు. ఆ ఏడు, ఆ మరుసటి ఏడు మొగలిపొదల దగ్గరే నీళ్లు. మొగలాకు కొయ్యడం కూడా మానేశారు, నీడ పోతే తడి పోతుందని. ఆ తర్వాత మెల్లగా పాత చెలమల్లోనూ తీపి తిరిగి వచ్చింది. ఒక్కసారిగా రాలేదు. ఒక ఏడు పప్పు ఉడికింది, ఒక ఏడు ఉడకలేదు.

నా మీద దురాయి ఎత్తేశామని ఎవరూ చెప్పలేదు. పిలిచి చెప్తారని చూశాను, చెప్పలేదు. కాపు పార గుచ్చిన మర్నాడు చిప్ప పట్టుకుని మొగలిపొదల దగ్గరికి పోయి, పొద వారనే నిలబడ్డాను. చెలమ దగ్గర పల్లెకాపు భార్య కూర్చుని ఉంది, ఊరేదాకా చూస్తూ. నన్ను చూసి ముఖం చిట్లించింది.

"అట్టా నిలబడితే ఎట్టా మే, వెలుతురుకు అడ్డం. వంతు కావాలంటే కూర్చో."

ఆమె పక్కన ఇసక మీద కూర్చున్నాను.