గేటు దగ్గర ఆవిడ

రాజమండ్రిలో హెడ్మాస్టర్లకి జరిగిన లీడర్‌షిప్ ట్రైనింగ్‌లో నా పక్క కుర్చీ ఆవిడది. గోదావరి మధ్య లంక ఊరి బడికి హెడ్మిస్ట్రెస్. ఏం చెప్పినా "అంతేనండి" అని ముగించేవారు. రోజూ బెల్లుకి ముందే గేటు దగ్గర నిలబడి పిల్లలందరినీ పేరుపెట్టి పలకరిస్తానని టీ తాగుతూ నాతో అన్నారు.

చివరిరోజు ఎవరి బడిలోని మంచి పద్ధతి వాళ్లు చెప్పాలి. ముందు నన్ను పిలిచారు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆవిడ చెప్పిందే నాదిగా చెప్పేశాను. హాలంతా చప్పట్లు.

తర్వాత ఆవిడ లేచారు. నావైపు చూడలేదు.

"మా బడిలోనూ మాస్టారు చెప్పినట్టేనండి. అంతేనండి."

ఆ సిగ్గుతోనే ఏడాదిగా నేనూ గేటు దగ్గర నిలబడుతున్నాను. నిన్న ఒక పిల్ల ఆగి, "సార్, నా పేరు చెప్పండి చూద్దాం" అంది.

"బెల్లు కొడతారు, లోపలికెళ్లమ్మా" అన్నాను.