కమాను పట్టిన చెయ్యి

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో రేకులు నొక్కే పవర్ ప్రెస్ కింద సాదుల్లా ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి. అది తొంభై ఎనిమిదిలో. అప్పటిదాకా పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ఫిడేలు ఆయనదే. తీగ నొక్కే వేళ్లు పోయాక ఫిడేలును గోడకు తగిలించాడు. తీగల మీద కమాను నడిపే కుడిచెయ్యి బాగానే ఉంది. ఆ బాగున్న చెయ్యే ఎక్కువ బాధపెట్టేది. అన్నం కలుపుతుంటే కమాను లాగుతున్నట్టు మణికట్టు దానంతటది వంగేది. భార్య సకీనా చూసి తల తిప్పుకునేది.

ఆరేళ్లకు నర్సింహ కబురు పెట్టాడు. అదే ఆర్కెస్ట్రాలో డోలక్ వాయించినవాడు. పోతిరెడ్డిపల్లిలో రికార్డింగ్ గది తెరిచాడు.

"చాచా, ఈ కంప్యూటర్ల పదహారు ఫిడేళ్లున్నయి. కీబోర్డు మెట్టు నొక్కితే పలుకుతయి. పానం పోసుడు నీ పని."

"ఇగ ఈ జన్మల వాయించననుకున్న" అంటూనే సాదుల్లా ఒక మెట్టు నొక్కాడు. పదహారు ఫిడేళ్లూ ఒక్కసారి పలికాయి. ఒళ్లు జల్లుమంది. ఇంకో మెట్టు. ఇంకోటి. అంతలోనే ముఖం వాడింది. వేళ్లు తెల్లబడేదాకా నొక్కాడు. స్వరం ఎత్తూ పల్లం లేకుండా అట్లాగే నిలబడింది.

"గిదేంది, ఫ్యాక్టరీ సైరన్ లెక్క?"

"మెట్టును పిసికి సంపుతవా? కమాను గీడున్నది." కీబోర్డు ఎడమ చివరి చిన్న చక్రాన్ని నర్సింహ చూపించాడు. "పైకి తిప్పితే తీగ మీద బరువు. కిందికి తిప్పితే బరువు తీసినట్టు."

ఎడమ బొటనవేలితో తిప్పాడు. శబ్దం ఎగిరింది, పడింది, ఎక్కిళ్లు పెట్టింది. ఆ చెయ్యి ఏనాడు కమాను పట్టింది గనక!

సాదుల్లా లేచాడు. గుమ్మం దాకా పోయి తిరిగొచ్చాడు. ఎడమచేతి మిగిలిన వేళ్లను మెట్ల మీద ఆనించి, కుడిచేతిని దాని మీదుగా దాటించి చక్రం అందుకున్నాడు.

"ఉల్టా అయింది చాచా!" నర్సింహ పగలబడి నవ్వాడు. "గుంజీలు తీస్తవా, వాయిస్తవా?"

"నోర్ముయ్ బేటా. ఇను."

మొదట తీగను తాకీ తాకనట్టు. మణికట్టు వంగింది. బరువు కొద్దికొద్దిగా దిగింది. స్వరం గరుకు తేలబోయే ముందు ఆ బరువు ఆగింది. కమాను వెనక్కి మళ్లేచోట చెయ్యి రవ్వంత తేలికై, మళ్లీ ఆనింది. పదహారు ఫిడేళ్లు ఒక్క ఊపిరి పీల్చాయి.

నర్సింహ నవ్వు ఆగిపోయింది. వేళ్లు బల్ల మీద దరువు వెతుక్కుంటున్నాయి.

"మళ్లొక్కసారి చాచా. రికార్డు పెడ్త."

"జల్దీ పెట్టు" అన్నాడు సాదుల్లా, చెయ్యి తియ్యకుండా. "తక్కిన పదిహేను మంది ఫిడేలోళ్లు నాకోసం చూస్తున్నరు."