ఏడో గది దుప్పటి

మా పెద్దమ్మ దుప్పటి చూసి మనిషి నిద్ర చెప్పేస్తుంది. నమ్మరు కదూ? నేనూ నమ్మలేదు. నేను లాండ్రీలో చేరిన కొత్తలో, సముద్రం ఒడ్డు హోటల్ నుంచి వచ్చిన మూట విప్పి, ఒక దుప్పటి బల్ల మీద పరిచి, అరచేత్తో ఇటూ అటూ తడిమింది.

"ఈయనెవరో రాత్రంతా కాళ్ళు తన్నుకున్నాడే. ఆవిడ అంచున ముడుచుకుని పడుకుంది. ఇద్దరికీ పోట్లాటయ్యింది" అంది.

"ఆహా! దేనికి పోట్లాడుకున్నారో కూడా చెప్పు మరి" అన్నాను వెటకారంగా.

మర్నాడు ఆ హోటల్లో గదులు ఊడ్చే ఆవిడ వచ్చి, పన్నెండో గది మొగుడూ పెళ్ళాలు వేరువేరు పడవలెక్కి పోయారని చెప్పింది. దుప్పటి మూల చూశాను. ఎర్ర దారంతో కుట్టిన అంకె పన్నెండే. ఆ రోజు నుంచి పెద్దమ్మ పక్కన నిలబడి నేర్చుకుంటున్నాను. ఆరేళ్ళయింది, సగం కూడా రాలేదు.

మా దీవికి సెలవులకి వచ్చేవాళ్ళు రెండు చోట్ల దిగుతారు. సముద్రం ఒడ్డున పెద్ద హోటల్. లోపలికి ఓ గంట ప్రయాణం చేస్తే, తోటల మధ్య పెంకుటిళ్ళ విడిది. రెండింటి దుప్పట్లూ మా దగ్గరికే వస్తాయి. ఒడ్డువి ఇసుకతో, ఉప్పు తేమతో, తాడులా మెలితిరిగి వస్తాయి. తోటవి కాస్త నలిగి వస్తాయి, అంతే. వాటిలోనూ ఏడో గది దుప్పటి ఒక్క ముడత లేకుండా వస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా వారం వారం అంతే. పెద్దమ్మ దాన్ని ఉతుకులో వేసేముందు ఒకసారి నిమురుతుంది.

"అందులో పడుకునేవాళ్ళు ఎంత అదృష్టవంతులో! ఒత్తిగిలను కూడా ఒత్తిగిలరు" అంటుంది.

అప్పుడు ఆవిడ మనసులో ఎవరున్నారో నాకు తెలుసు. మా పెద్దనాన్న. ఆయన ఈ లాండ్రీలోనే బాయిలర్ చూసేవాడు. బాయిలర్ గోడకి ఆనుకున్న గదిలోనే ఇద్దరి కాపురం. పోయినేడు పాత బాయిలర్ తీసేసి చప్పుడు చెయ్యని కొత్తది పెట్టారు, పాతదానితో పాటే ఆయన్నీ ఇంట్లో కూర్చోబెట్టారు. అప్పటి నుంచి పదకొండు నెలలుగా ఆయన కంటి మీద కునుకు లేదు. మాత్రలు మింగితే మత్తు వచ్చేది గాని నిద్ర వచ్చేది కాదు. ఆ మత్తులోనే మెట్ల మీద పడి నుదుటికి నాలుగు కుట్లు వేయించుకున్నాడు. గుండె లయ తప్పుతోందని, గాఢంగా నిద్ర పట్టకపోతే ఎన్నాళ్ళో ఓర్చుకోదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. పెద్దమ్మ ఆ మాట విని ఏడవలేదు. ఇంటికొచ్చి కిటికీలకి మందం పరదాలు కుట్టింది, గడియారం తీసేసింది, ఆఖరికి ఫ్యాను కూడా ఆపేసింది. చీమ చిటుక్కుమన్నా వినిపించేది ఆ గదిలో. అయినా ఆయన పైకప్పు చూస్తూనే ఉన్నాడు.

పెద్దమ్మ చేరి ముప్ఫై ఏళ్ళు నిండాయని మా యజమాని ఒక బహుమానం ఇచ్చాడు. రెండు రాత్రులు, భార్యాభర్తలకి, ఒడ్డు హోటల్లోనో తోట విడిదిలోనో. ఏదో ఒకటే. ఇస్త్రీ బల్లల దగ్గర ఒకటే గోల, అందరూ ఒడ్డు అనేవాళ్ళే. నేను మరీను.

"పెద్దమ్మా, బతుకంతా ఆ హోటల్ దుప్పట్లు ఉతికావు. ఒక్కసారి వాటి మీద కాళ్ళు చాపుకుని పడుకో! కిటికీ తీస్తే సముద్రం!"

"సముద్రానికి నోరు మూతపడదే. ఆ దుప్పట్లు చూడటం లేదూ? ఎవరైనా నిద్రపోయినట్టున్నారా?"

"ఎవరైనా నిద్రపోడానికి సముద్రం దగ్గరికి వెళ్తారా?"

"నేను నిద్ర కోసమే వెళ్తున్నాను" అంది పెద్దమ్మ. "తోటలో, ఏడో గది. నువ్వే ఫోన్ చేసి చెప్పు."

ఒళ్ళు మండినా చేశాను. అవతల మేనేజరు "ఏడోదా? ఏడోదేనా అమ్మా? అది..." అని నసిగాడు. నాకు ముక్కు మీద కోపం, అందరికీ తెలిసిందే. "ఏం, దుప్పట్లు ఉతికేవాళ్ళు అందులో పడుకోకూడదా? దొరలే పడుకోవాలా? రాసుకోండి ఏడో నంబరు!" అని ఫోన్ పెట్టేశాను. చుట్టుపక్కల బల్లల వాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు భలే గర్వంగా అనిపించింది.

శనివారం పొద్దున్నే ఇద్దరూ మా మూటల వ్యానులోనే వెళ్ళారు. నడిపేవాడిని మేమంతా హారన్ అంటాం, పిట్ట అడ్డమొచ్చినా మోగిస్తాడు కాబట్టి. మధ్యాహ్నం తిరిగొచ్చి, మూటలు దింపుతూ నవ్వాడు.

"మీ పెద్దమ్మకి ఆ గదే ఎందుకమ్మా? అందులో ఎవరినీ దించరు."

"ఎందుకు దించరు?"

"గోడ వెనకాలే తోటకి నీళ్ళు తోడే ఇంజను. పగలూ రాత్రీ డుబడుబమని ఒకటే మోత. దానికి నా హారనే నయం."

"మరి వారం వారం దుప్పటి వస్తుందేం?"

"తేమ కదా, పరిచింది పరిచినట్టు ఉంచితే ముక్కిపోతుంది. అందుకని మారుస్తారు. పడుకుని కాదు."

ముప్ఫై ఏళ్ళు దుప్పట్లు చదివిన మనిషి, ఎవరూ పడుకోని పక్కని గుర్తుపట్టలేదా అని మీరు అడగొచ్చు. గుర్తుపట్టలేదు. నేనూ పట్టలేదు. ఉతుక్కి వచ్చిందంటే ఎవరో పడుకున్నారన్నదే మాకు లెక్క. వాడని దుప్పటి ఉతుక్కి వస్తుందని మా ఇద్దరికీ కల్లో కూడా తోచలేదు. ఆ మేనేజరు పాపం చెప్పబోయాడు, నేనే నోరు మూయించాను.

ఫోన్ చేశాను. పెద్దవాళ్ళిద్దరూ తోట చూడటానికి వెళ్ళారన్నారు. గది మార్చమంటే, పెళ్ళివారు దిగారు, మిగిలినవన్నీ నిండిపోయాయన్నారు. వెనక్కి తీసుకురమ్మని హారన్‌ని బతిమాలాను. సోమవారం దాకా వ్యాను అటు పోదన్నాడు. ఆదివారమంతా నాకు అన్నం సయించలేదు. ఆ మోత పక్కన ఆయన గుండె ఏమవుతోందోనని ఒకటే ఆలోచన. నా నోరు పడిపోను!

సోమవారం వ్యాను వచ్చేసరికి గేటు దగ్గర ఉన్నాను. "వాళ్ళని ఇంటి దగ్గర దింపేశాను" అని హారన్ నా ముందు మూట పడేశాడు. పెద్దమ్మ మొహం చూడటానికి ధైర్యం చాల్లేదు. మూట విప్పాను. ఏడో నంబరు దుప్పటి వెతికి బల్ల మీద పరిచాను.

ఇన్నేళ్ళలో మొదటిసారి అది నలిగి ఉంది.

ఎడమవైపు మగమనిషి ఆకారం, భుజం నుంచి మడమ దాకా, అచ్చు పోసినట్టు. తల ఆనిన చోట నూనె మరక ఒక్కటే ఉంది. రెండో మరక లేదు, తన్నుకున్న ముడత లేదు, పరుపు కింద దోపిన అంచు మడత చెదరలేదు. రెండు రాత్రులూ ఒకే చోట, రాయిలా పడుకున్నాడు మా పెద్దనాన్న! దుప్పటి మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాను. ఇంతకన్నా గొప్ప సంగతి నా కళ్ళతో నేను చూడలేదు.

"ఇక్కడున్నావా తల్లీ, చెయ్యి పట్టు!" అంటూ వెనక నుంచి పెద్దమ్మ వచ్చింది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. మూల పడున్న, బట్టల నీళ్ళు పిండే పాత మెషిన్ దగ్గరికి గబగబా నడిచింది. "దీన్ని మా గోడకి జరపాలి."

"ఎందుకు?"

"ఆ ఇంజను మోత చెవిన పడగానే మీ పెద్దనాన్న ఏమన్నాడో తెలుసా? 'బాయిలర్ నడుస్తోందే' అన్నాడు. అంతే, పడుకున్నాడు. నేనేమో ఇంట్లో ఫ్యాను కూడా ఆపి మనిషిని చంపుతున్నాను! నాకేం తెలుసే?"

ఇద్దరం చచ్చీచెడీ మెషిన్ జరిపి, ఖాళీగానే తిప్పాం. గోడ సన్నగా అదిరింది. పెద్దమ్మ చెవి ఆనించి విని, నన్ను మాట్లాడొద్దని సైగ చేసింది. కాసేపటికి నవ్వింది.

నేను బల్ల దగ్గరికి వచ్చాను. దుప్పటి ఇంకా పరిచే ఉంది. ఎడమవైపే చూశాను గాని, కుడివైపు అప్పుడు చూశాను. అటు ఒక్క ముడత లేదు. ఆయన భుజం పక్కన మాత్రం ఎవరో కూర్చున్నట్టు మూరెడు వెడల్పున నలిగి ఉంది.

"రెండు రాత్రులూ నువ్వు నడుం వాల్చనే లేదు కదూ?" అన్నాను.

పెద్దమ్మ దొరికిపోయినట్టు చూసింది. దుప్పటిని ఒకసారి నిమిరింది.

"పదకొండు నెలల తర్వాత పడుకున్నాడే" అంది. "నేను కళ్ళు మూసుకుంటే ఎవరు చూస్తారు?"