ఇంజన్ రూమ్ తలుపు

అట్లాంటా దగ్గర అల్ఫారెట్టాలో ఉండే షాలేం రాజు అమెరికా నేవీలో లెఫ్టినెంట్ కమాండర్‌గా రిటైరయ్యాడు. ఇంట్లో కాలు నిలవలేదు. నల్ల సముద్రంలో యుద్ధం వచ్చి, ఒక రేవుని శత్రు నౌకలు దిగ్బంధం చేశాయి. లోపల చిక్కుకున్న జనానికి మందులు, డీజిల్ చేరవేసే సరుకు ఓడలకి కెప్టెన్లు కావాలని ఒక షిప్పింగ్ కంపెనీ ప్రకటించింది.

"పెన్షన్ వస్తోందిగా, ఇంకా ఎందుకండీ ఈ చావు?" అంది భార్య ఫెబీ.

"అక్కడ ఆపరేషన్లు మత్తుమందు లేకుండా చేస్తున్నారు ఫెబీ" అన్నాడు, బ్యాగ్ సర్దుకుంటూ.

రెండు ట్రిప్పులు గట్టెక్కాయి. ఓడ ఆచూకీ చెప్పే పరికరాలన్నీ ఆపేసి, నీళ్లలో పెట్టిన మైన్ల మధ్య నుంచి తీరాన్ని రాసుకుంటూ వెళ్లేవాడు. సెకండ్ ఇంజనీర్ రామమోహన్‌ది టెక్సస్‌లోని ప్లేనో. ఓడలో తెలుగు మాట్లాడేది వాళ్లిద్దరే. పప్పులో ఉప్పు ఎక్కువైందని రామమోహన్ వంటవాడితో రోజూ తగువు పడుతుంటే రాజు నవ్వుకునేవాడు.

మూడో ట్రిప్పులో, తెల్లవారుతుండగా, మనిషి లేని చిన్న పడవొకటి పేలుడు మందుతో దూసుకొచ్చి ఓడ వెనక భాగాన్ని గుద్దింది. డెక్ మీద కాపలా ఉన్నవాళ్లలో ఒకడు సముద్రంలోకి ఎగిరిపోయాడు. ఇంకొకడు తెగిన కాలు పట్టుకుని అరుస్తున్నాడు. ఇంజన్ రూమ్ అంటుకుంది. రామమోహన్ లోపలే ఉన్నాడు.

పేలుడుకి తలుపు వంకరపోయి బిగుసుకుంది. పైకెక్కే మెట్ల దారి కూలిపోయింది. రాజు గొడ్డలితో కొట్టాడు, గడ్డపారతో ఎత్తాడు. ఇనుము కాలి అరచేతుల తోలు తలుపుకే అంటుకుపోయింది. అవతల నుంచి దబదబా బాదుతున్న చప్పుడు.

"సర్, మంట డీజిల్ ట్యాంకుల దాకా వచ్చింది. గ్యాస్ వదలాలి!" అన్నాడు చీఫ్ ఆఫీసర్.

గ్యాస్ వదిలితే మంట ఆరుతుంది. లోపలి మనిషి ఊపిరీ ఆగుతుంది. వదలకపోతే ఓడలో ఎవరూ మిగలరు.

రాజు తలుపుకి నోరు దగ్గరగా పెట్టి చెప్పాడు. "రామమోహన్, గ్యాస్ వదులుతున్నాను."

"వద్దు రాజుగారూ! ఇంకొక్కసారి కొట్టండి, వచ్చేస్తుంది!"

ఇంకొక్కసారి కొట్టాడు. రాలేదు. వెళ్లి తనే మీట లాగాడు. ఆ పని వేరేవాళ్లకి అప్పగించలేదు. తలుపు అవతల చప్పుడు, తిట్లు కాసేపు వినిపించి ఆగిపోయాయి.

మంట ఆరింది. రేవు నుంచి టగ్గు వచ్చి ఓడని లోపలికి లాక్కెళ్లింది. మందులు ఆసుపత్రికి చేరాయి.

పేలుడులోనే క్షణంలో ప్రాణం పోయిందని ఇంట్లోవాళ్లకి చెప్పమంది కంపెనీ. రాజు ఒప్పుకోలేదు. చేతుల కట్లతోనే ప్లేనో వెళ్లి, రామమోహన్ భార్య అలేఖ్య ముందు కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాడు.

ఆమె చివరిదాకా వింది. తర్వాత బల్ల మీది స్టీలు గ్లాసు తీసి ముఖాన కొట్టింది. కనుబొమ చిట్లి రక్తం కారింది. మీద పడి పిడికిళ్లతో గుద్దుతుంటే రాజు చేతులు అడ్డం పెట్టలేదు.

అలిసిపోయి నేల మీద కూలబడ్డాక అడిగింది. "చివర్లో నా పేరేమైనా అన్నారా?"

అన్నాడని చెబితే సరిపోయేది.

"లేదమ్మా. నన్ను తిట్టాడు. బూతులు తిట్టాడు."

అలేఖ్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపులోంచే నవ్వొచ్చింది. "అయితే ఆయనే" అంది. ఆ తర్వాత లేచి తలుపు తీసి, "నేను మిమ్మల్ని క్షమించలేనండీ. కానీ ఎప్పుడైనా ఫోన్ చేస్తే ఎత్తండి" అంది.

రాజు మళ్లీ ఓడ ఎక్కాడు. ఇంజన్ రూమ్ నుంచి బయటపడటానికి ఇంకో దారి కోయించేదాకా లంగరు ఎత్తనన్నాడు. కంపెనీ కోయించింది. యుద్ధం ఆగేదాకా ఆ రేవుకి తిరిగాడు.

ఇప్పుడు అల్ఫారెట్టాలోనే ఉంటున్నాడు. అలేఖ్య అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. కొన్నిసార్లు రామమోహన్ ఓడలో ఏం తినేవాడో అడుగుతుంది. కొన్నిసార్లు నోటికొచ్చినట్టు తిట్టి పెట్టేస్తుంది. చర్చిలో ఆరాధన మధ్యలో మోగినా సరే, రాజు బయటికి వచ్చి ఎత్తుతాడు.