ముక్కుకు అడ్డం పెట్టిన కొంగు

మా మేనత్త చచ్చిపోయి ఎన్నేళ్లయినా ఆమె మీద నా కోపం చావలేదు. తలచుకుంటే మొహం కన్నా ముందు, ముక్కుకు అడ్డం పెట్టుకున్న కొంగే కనిపిస్తుంది. అమ్మ ఎదురైతే చాలు, ఆ కొంగు పైకి లేచేది.

మా ఊరు మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్న రోజులవి. చెల్లెలు పుట్టాక అమ్మకు రెండు బుగ్గల మీదా, ముక్కు మీదా ఎర్రగా దద్దు లేచింది. ఎండలోకి పోతే మండేది. కీళ్లు వాచేవి. "ఇది పెద్దరోగమే" అని తేల్చేసి, మేనత్త చంటిపిల్లను లాక్కుంది. అమ్మ పడక పశువుల కొట్టంలోకి మారింది.

చివరికి నాయన అమ్మను కర్నూలు తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించాడు. ఇది కుష్ఠు కాదనీ, ఎవరికీ అంటదనీ, ఒంట్లోని రక్తమే ఒంటి మీద తిరగబడిందనీ ఆయన చెప్పాడట. నాయన ఇంటికొచ్చి ఆ మాట చెప్తే, "అయితే ఆ డాక్టరునే తనింట్లో పెట్టుకోమను" అంది మేనత్త.

అమ్మ వచ్చి, ఆమె ఒళ్లోంచి చెల్లెల్ని ఎత్తుకుంది. నెలల తరబడి తల్లి చేతికి రాని పిల్ల, గుక్కపట్టి ఏడుస్తూ మేనత్త వైపు చేతులు చాచింది.

మేనత్త నవ్వింది. "చూసినావా? బిడ్డకు గూడ తెలిసిపోయింది. ఇట్ల ఇయ్యి."

"ఏడిస్తే ఏడవనీ వదినా. నా బిడ్డ నా కాడే ఏడుస్తాది" అని, అమ్మ తన ఎర్రటి బుగ్గను పిల్ల బుగ్గకు ఆనించుకుని ఇంట్లోకి నడిచింది.