జూన్ ఒకటిన పుట్టినవాళ్లం

నన్ను బడిలో వేసిన రోజు సారు పుట్టిన తేదీ అడిగితే, మా అమ్మ "వరికోతలప్పుడు పుట్టిండు సారూ" అన్నది. సారు జూన్ ఒకటి అని రాసుకున్నారు. జూన్‌లో వరి ఎవడు కోస్తాడని అడిగే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు. మా తరగతిలో సగం మందిమి ఆ రోజే పుట్టాం. చుట్టుపక్కల బడుల్లోనూ అంతే.

ఆ తేదీ అశోక్‌నగర్ హాస్టల్ దాకా నా వెంటే వచ్చింది. సర్కారు ఉద్యోగ పరీక్షలు రాసేవాళ్లకు జీవితానికంతా ఒకటే ఐడీ ఇస్తారు. ఎన్ని పరీక్షలు రాసినా ఆ నంబరుతోనే రాయాలి. నా వయసుకు ఇదే ఆఖరి పరీక్ష. హాల్‌టికెట్ తీసుకుందామని చిక్కడపల్లి నెట్ సెంటరుకు వెళ్తే నంబరు నాదే, పేరు నాదే, బాపు పేరూ పుట్టిన తేదీ సరిగ్గానే ఉన్నాయి. ఫొటో మాత్రం ఎవరిదో.

ఫొటో కింద ఉన్న ఫోన్ నంబరుకు చేశాను. అతను రోజూ నేను చదువుకునే లైబ్రరీలోనే, రెండు బల్లల అవతల కూర్చుంటాడట. మా పక్క మండలం వాడు. పేరు నాదే, తండ్రి పేరూ అదే, వాళ్ల సారు కూడా మా సారు లాంటివాడే. ఈ మధ్యనే ఐడీ చేయించుకోబోతే, ఈ వివరాలతో ఇదివరకే ఒకటి ఉందని వచ్చిందట. "ఎప్పుడో చేసి మర్చిపోయినవ్ తమ్మీ" అని చెప్పి నెట్ సెంటరతను ఫొటో, ఫోన్ నంబరు మార్చేశాడు. ఈ గల్లీల్లో అందరూ మర్చిపోయేవాళ్లే మరి. అతనికీ ఇదే ఆఖరి పరీక్ష. కాకుండా ఎట్లా ఉంటుంది, ఒకే రోజు పుట్టాం కదా! కొట్లాడదామని పోయినవాణ్ణి అతనితో చాయ్ తాగి వచ్చాను.

ఇద్దరం కలిసి ఆ ఐడీలు ఇచ్చే ఆఫీసుకు వెళ్లాం. కౌంటరులోని మేడం మమ్మల్ని చూసి, స్క్రీన్ చూసి, "సిస్టంల ఒక్కరే ఉన్నరు" అన్నది.

"ఇద్దరం మీ ముందట్నే ఉన్నం గద మేడం" అన్నాడతను.

రెండో ఐడీ కావాలంటే పేరో, తండ్రి పేరో, తేదీయో వేరుగా ఉండాలట. ఫిర్యాదు రాసిచ్చి వచ్చాం. దానికి ఇప్పటికీ జవాబు లేదు.

ఆదివారం నారాయణగూడలో ఒక కాలేజీలో పరీక్ష. నేనూ వెళ్లాను, ఎందుకో తెలియదు. గేటు దగ్గర అతను హాల్‌టికెట్ నా చేతిలో పెట్టబోయాడు. "అన్నా, నంబర్ నీది. నువ్వే పో."

"ఫొటో నీది గదరా. నన్ను ఎవడు పోనిస్తడు?" అన్నాను.

అతను ఏడుస్తూనే లోపలికి వెళ్లాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది, ఎవరి మీద మండాలో తెలియక ఇంకా మండింది. గేటు మూసేశారు.

అప్పుడే బాపు ఫోన్ చేశాడు. పరీక్షలోకి ఫోన్ తీసుకుపోనివ్వరని ఆయనకు తెలియదు.

"లోపటికి పోయినవా బిడ్డా?"

నా పేరూ ఆయన పేరూ లోపలే ఉన్నాయి.

"పోయిన బాపూ" అన్నాను.

"మంచిగ రాయి" అని పెట్టేశాడు.